అట్టపెట్టె మీద అంకె, గాలిలో చోటు

(ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే టెక్నీషియన్లు, అపార్ట్‌మెంట్ సంఘాల ప్రతినిధులు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది ఒక రౌటర్ అట్టపెట్టె. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి రౌటరే ఉండి ఉంటుంది. దీని మీద పెద్ద అక్షరాల్లో ఏసీ 1200 అని రాశారు, పక్కనే డ్యూయల్ బ్యాండ్ అని, అంటే రెండు రేడియో తరంగాల శ్రేణుల్లో (బ్యాండ్‌లలో) పనిచేస్తుందని రాశారు. ఈ 1200 చూసి సెకనుకు 1200 మెగాబిట్లు వస్తాయనుకుంటాం. షాపులో కూడా అలాగే చెప్తారు. పెట్టె వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే అసలు లెక్క బయటపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867. రెండూ కూడితే 1167. దాన్ని పై అంకెకు సవరించి 1200 అన్నారు.

మీ ఫోన్ ఒక సమయంలో ఈ రెండిట్లో ఒకదానికే కనెక్ట్ అవుతుంది. కాబట్టి ఆ 1200 ఏ ఒక్క ఫోనుకూ ఎప్పుడూ అందదు. పోనీ 867 వస్తుందా అంటే అదీ రాదు. అది గాలిలో నడిచే వేగం. వంతు కోసం ఆగడం, అందిందని జవాబు చెప్పుకోవడం, పాడైన డేటా ముక్కలు మళ్లీ పంపడం, ఇవన్నీ పోగా రౌటర్ ఉన్న గదిలో కూర్చున్నా అందులో సగానికి కాస్త పైన వస్తే బాగా వచ్చినట్టే. పైగా ఈ తరగతి రౌటర్లలో కొన్నిటికి వెనక కేబుల్ పెట్టే పోర్టు సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 100 ఎంబీపీఎస్‌ది. ఇంటికి 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఆ పోర్టు దగ్గరే సగం ఆగిపోతుంది. టెక్నీషియన్ సోదరులకు ఇది బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఫోన్ కాల్ వచ్చేది వాళ్లకే.

ఇంకో సంగతి కూడా ఈ పెట్టెలోనే ఉంది. ఏసీ అంటే 802.11ఏసీ అనే వైఫై ప్రమాణం, దాన్నే ఇప్పుడు వైఫై 5 అంటున్నాం. ఆ ప్రమాణాన్ని 5 గిగాహెర్ట్జ్ కోసం మాత్రమే రాశారు. అందువల్ల ఇందులో ఉన్న 2.4 రేడియో వైఫై 5 కాదు, వైఫై 4. అంటే 2009 నాటి ప్రమాణం. వైఫై 5 రౌటర్ కొన్నామనుకుంటూ, ఇంట్లో సగం పరికరాలను వైఫై 4 మీద నడుపుతున్నాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. వైఫై పక్కన ఉన్న అంకె చూసి కొనకండి. ఆ రౌటర్ ఏ బ్యాండ్‌లలో పనిచేస్తుంది, ఆ బ్యాండ్‌లో ఎంత వెడల్పు ఛానల్ (రౌటర్ వాడుకునే ముక్క) ఇస్తుంది, మన దేశంలో ఆ బ్యాండ్ ఎంత వరకు తెరిచి ఉంది, ఇవి చూసి కొనండి. ఎందుకంటే వేగం ఎక్కువగా పెరిగింది గాలిలో దొరికిన చోటు వల్లే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1985లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని బ్యాండ్‌లను లైసెన్స్ లేకుండా సమాచార పరికరాలకు వాడుకోవచ్చని అనుమతించింది. అప్పటిదాకా ఆ బ్యాండ్‌లను పరిశ్రమలకు, వైద్య పరికరాలకు, మైక్రోవేవ్ ఓవెన్ల లాంటివాటికి వదిలేశారు. అందులో 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. అక్కడ దొరికిన చోటుతో 1997లో మొదటి 802.11 ప్రమాణం వచ్చింది. వేగం సెకనుకు 1 లేదా 2 మెగాబిట్లు. ఆ ప్రమాణం రాసిన బృందానికి నాయకత్వం వహించిన ఇంజనీరు విక్ హేస్. వేర్వేరు కంపెనీల వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒప్పించిన మనిషి. ఈరోజు ఏ కంపెనీ ఫోనైనా ఏ కంపెనీ రౌటర్‌తోనైనా మాట్లాడుతోందంటే ఆ ఓపిక పుణ్యమే.

1999లో ఒకేసారి రెండు ప్రమాణాలు వచ్చాయి. 802.11బీ 2.4లో 11 మెగాబిట్లు ఇచ్చింది. 802.11ఏ 5 గిగాహెర్ట్జ్‌లో 54 ఇచ్చింది. అయిదు రెట్లు వేగం ఉన్నా జనం దగ్గరికి వెళ్లింది మాత్రం బీ. 5 గిగాహెర్ట్జ్ చిప్‌లు ఖరీదైనవి, మార్కెట్‌లోకి ఆలస్యంగా వచ్చాయి, గోడ దాటడంలో వెనకబడ్డాయి. 2003లో 802.11జీ అదే 54ను 2.4లోకి తెచ్చింది. దాంతో ప్రపంచమంతా 2.4లోనే స్థిరపడింది. ఆ గుంపు ఫలితం ఇప్పటికీ మన అపార్ట్‌మెంట్లలో కనిపిస్తోంది.

2009లో 802.11ఎన్ రెండు బ్యాండ్‌లలోనూ పనిచేసింది, ఒకటికంటే ఎక్కువ యాంటెన్నాలతో ఒకేసారి పంపడం నేర్పింది. 2013లో ఏసీ. తర్వాత ఏఎక్స్. ఈ అక్షరాలు ఎవరికీ గుర్తుండటం లేదని 2018లో వైఫై అలయన్స్ అనే పరిశ్రమ సంఘం వీటికి అంకెలు పెట్టింది. ఎన్ వైఫై 4 అయింది, ఏసీ వైఫై 5, ఏఎక్స్ వైఫై 6. ఆ తర్వాత వచ్చిన 802.11బీఈ వైఫై 7, దానికి 2024 జనవరి నుంచి సర్టిఫికెట్లు ఇస్తున్నారు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. వేగం పెరగడానికి ముఖ్యంగా మూడు దారులు. ఒకటి, ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు ఇరికించడం. రెండు, యాంటెన్నాలు పెంచడం. మూడు, ఛానల్ వెడల్పు పెంచడం.

మొదటి దారి చూడండి. వైఫై 4 ఒక్కో సంకేతంలో 6 బిట్లు పంపేది. వైఫై 5 దాన్ని 8 చేసింది. వైఫై 6 పది, వైఫై 7 పన్నెండు. 6 నుంచి 8కి పెరిగితే మూడో వంతు లాభం. 10 నుంచి 12కి పెరిగితే అయిదో వంతే లాభం. తరం మారే కొద్దీ ఈ లాభం తరిగిపోతోంది. పైగా ఆ 12 బిట్లు అందుకోవాలంటే సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి, అంటే రౌటర్‌కి దగ్గర్లో, మధ్యలో గోడ లేకుండా ఉండాలి. పడగ్గదిలో తలుపేసుకుని పడుకున్నవాళ్ల ఫోన్‌కి అది అందదు.

రెండో దారి, యాంటెన్నాలు. రౌటర్‌కి ఎనిమిది యాంటెన్నాలు పెట్టొచ్చు. మన ఫోన్‌లో ఉండేవి రెండు. తక్కువ ధర ఫోన్లలో ఒకటే. ఒక ఫోనుకు వచ్చే వేగాన్ని ఫోన్ వైపు ఉన్న సంఖ్యే నిర్ణయిస్తుంది.

మూడో దారి వెడల్పు. 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌ని 40 చేస్తే వేగం రెట్టింపు. 80 చేస్తే నాలుగింతలు. వైఫై 5 నుంచి 160 వచ్చింది, వైఫై 7లో 320 వచ్చింది. పెద్ద గెంతులన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. అయితే వెడల్పు కావాలంటే చోటు ఉండాలి. ఆ చోటు ఏ బ్యాండ్‌లో ఎంత ఉందన్నదే ప్రశ్న.

2.4 బ్యాండ్‌లో మొత్తం చోటు 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 83.5. మన దేశంలో 2005లో దీన్ని లైసెన్స్ నుంచి మినహాయించారు. ఇందులో ఛానళ్లకు 1 నుంచి 13 దాకా అంకెలున్నాయి. పదమూడు ఉన్నాయి కదా అనుకోకండి. ఒక్కో ఛానల్ వెడల్పు 20, పక్క ఛానల్‌కి దూరం 5. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా మామూలుగా వాడుకునేవి మూడే. 1, 6, 11. 40 వెడల్పు పెట్టారంటే ఒక్క రౌటరే దాదాపు సగం బ్యాండ్ తినేస్తుంది. ఇదే చోటులో బ్లూటూత్ ఉంది, వైర్‌లెస్ మౌస్ ఉంది, పక్కింటి మైక్రోవేవ్ ఓవెన్ ఉంది.

వైఫైకి ఒక నియమం ఉంది. ముందు వినాలి, ఎవరూ మాట్లాడటం లేదని తేలాకే మాట్లాడాలి. ఈ హాల్లో నేను మాట్లాడుతుంటే మీరు ఆగినట్టే. ఇక్కడ ఇరవై మంది ఉన్నా వంతులు వేసుకుంటే పని జరుగుతుంది. పక్క హాల్లోంచి మాట అర్థం కాకుండా గోల మాత్రం వినిపిస్తుంటే ఇక్కడి మాట చెడిపోతుంది. మీరు 1లో ఉండి పక్కింటివాళ్లు 3లో ఉంటే జరిగేది అదే. ఇద్దరూ 1లోనే ఉంటే వంతులు పంచుకుంటారు. 3లో ఉంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఇద్దరికీ చెడుతుంది. అందుకే ఖాళీగా కనిపిస్తోందని 3కో 8కో మార్చొద్దు. 1, 6, 11 లలో ఏది తక్కువ రద్దీగా ఉంటే అందులో ఉండండి.

రద్దీ ఎంత దాకా వెళ్తుందో ఒక చిన్న లెక్క చెప్తాను. ప్రతి రౌటర్ నేనున్నానంటూ సెకనుకు దాదాపు పది సార్లు తన పేరు చాటుతుంది. పాత పరికరాలకు కూడా వినపడాలని 2.4లో చాలా రౌటర్లు ఆ చాటింపును 1 మెగాబిట్ వేగంతో, అంటే 1997 నాటి వేగంతో వేస్తాయి. ఒక్కో చాటింపుకు సుమారు రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో పేరు గాలి సమయంలో రెండు మూడు శాతం తీసుకుంటుంది. ఒకే ఛానల్‌లో పది పేర్లు వినిపిస్తున్నాయంటే ఎవరూ ఏమీ చూడకముందే పావు వంతు సమయం పోయింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మధ్య ఫ్లోర్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ తెరవండి. పేర్ల లిస్టు కిందికి జరుపుతూనే ఉండాలి.

ఒక హాస్టల్‌లో మేం చేసిన పని చెప్తాను. రాత్రి తొమ్మిదయితే నెట్ పూర్తిగా నిలిచిపోయేది. యాజమాన్యం ప్లాన్ పెంచింది, రౌటర్లు పెంచింది. రౌటర్లు పెంచాక ఇంకా పాడైంది. వెళ్లి చూస్తే కారిడార్‌లో రౌటర్లన్నీ 2.4లో, 40 వెడల్పుతో, పూర్తి పవర్‌తో ఉన్నాయి. ప్రతి రౌటర్ నాలుగు పేర్లు చాటుతోంది. పేర్లు ఒకటికి తగ్గించాం. వెడల్పు 20 చేశాం, 1, 6, 11 వరసగా పంచాం, పవర్ తగ్గించాం, 1 నుంచి 11 మెగాబిట్ల దాకా ఉన్న పాత 802.11బీ వేగాలు ఆపేశాం. 5 గిగాహెర్ట్జ్ ఉన్న ఫోన్లు అటు వెళ్లేలా చేశాం. ఒక్క కొత్త రౌటర్ కొనలేదు, ప్లాన్ మార్చలేదు. పిల్లలు ఆన్‌లైన్ క్లాసులు వినగలిగారు. పవర్ తగ్గిస్తే నెట్ బాగుపడుతుందంటే చాలామంది నమ్మరు. ఎవరి గదికి వాళ్ల రౌటర్ వినపడితే చాలు, చివరి గది దాకా అరవడం వల్లే అందరూ ఆగాల్సి వస్తోంది.

5 గిగాహెర్ట్జ్ సంగతి. మన దగ్గర 2005లో ఇందులో కొంత భాగాన్ని ఇంటి లోపల తక్కువ పవర్‌తో వాడుకోమన్నారు. 2018 అక్టోబరులో నియమాలు బాగా సడలించారు. ఇప్పుడు 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు లైసెన్స్ లేకుండా వాడొచ్చు, ఆరుబయట కూడా. మొత్తం 605 మెగాహెర్ట్జ్. 2.4లో దొరికినదానికి ఏడు రెట్లు. ఇందులో 80 వెడల్పు ఛానళ్లు ఆరు పడతాయి, 160 వెడల్పువి రెండు పడతాయి. ఈ మార్పు గురించి పేపర్లలో పెద్దగా రాలేదు. నా లెక్కలో మాత్రం గత పదేళ్లలో మన ఇళ్ల నెట్ బాగుపడటానికి ఫైబర్ తర్వాత ఇదే పెద్ద కారణం.

అయితే 5కి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, చాలా దేశాల్లో ఈ బ్యాండ్ మధ్య భాగంలో రాడార్లు ఉంటాయి. ఆ ఛానళ్లు వాడే రౌటర్ ముందు ఒక నిమిషం విని, రాడార్ లేదని తేల్చుకుని మొదలుపెట్టాలి, మధ్యలో రాడార్ వినపడితే వెంటనే ఖాళీ చేయాలి. రౌటర్ రీస్టార్ట్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనపడితే కంగారు పడొద్దు, వింటోందని అర్థం. రెండోది దూరం. అదే పవర్, అదే రకం యాంటెన్నాలు పెడితే, 2.4తో పోలిస్తే 5.5 గిగాహెర్ట్జ్‌లో అదే దూరానికి అందే శక్తి అయిదో వంతు. అది ఖాళీ మైదానంలో. మన ఇళ్లలో ఇటుక గోడలు, ఇనుము నిండిన పిల్లర్లు, శ్లాబులు ఉన్నాయి. రౌటర్ ముందు ఇనుప బీరువా ఉందంటే వెనక గదికి 5 మర్చిపోవడమే.

వెడల్పుకి కూడా ధర ఉంది. అదే పవర్‌ని 20 బదులు 160లో పరిస్తే ఒక్కో భాగానికి దక్కేది ఎనిమిదో వంతు. అందుకే 160 పెట్టగానే దగ్గర్లో స్పీడ్ టెస్ట్ అదిరిపోతుంది, రెండు గోడల అవతల 80 కంటే ఘోరంగా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో 80 చాలు. విల్లా అయితే 160 పెట్టి చూడండి.

ఇక 6 గిగాహెర్ట్జ్. వైఫై 6 ఈ, వైఫై 6 రెండిటి ప్రమాణం ఒకటే, 802.11ఏఎక్స్. ఒక్క బిట్ తేడా లేదు. మరి చివర ‘ఈ’ అనే అక్షరం ఎందుకు? కొత్త బ్యాండ్ తోడైంది కాబట్టి. బ్యాండ్‌కి ఉన్న విలువ దీంట్లోనే తెలుస్తుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికా 5925 నుంచి 7125 దాకా, 1200 మెగాహెర్ట్జ్ మొత్తంగా వైఫైకి ఇచ్చేసింది. అక్కడ 320 వెడల్పు ఛానళ్లు మూడు పడతాయి. యూరప్ 2021లో కింది భాగం 480 ఇచ్చింది. చైనా ఇంకోదారి పట్టి, 2023లో పై భాగాన్ని మొబైల్ ఫోన్ సేవలకు కేటాయించింది. మన దగ్గర 2025 మేలో టెలికాం శాఖ ముసాయిదా నియమాలు విడుదల చేసింది. 5925 నుంచి 6425 దాకా 500 మెగాహెర్ట్జ్, ఇంటి లోపల తక్కువ పవర్‌తో, బయట మరీ తక్కువ పవర్‌తో లైసెన్స్ లేకుండా ఇవ్వాలని అందులో ప్రతిపాదించారు. ఈ 500లో 320 వెడల్పు ఛానల్ ఒక్కటే పడుతుంది. 160వి మూడు పడతాయి.

నాకు ఈ బ్యాండ్ మీద ఇంత ఆశ ఎందుకంటే అక్కడ పాత పరికరాలు లేవు. 1 మెగాబిట్‌తో చాటింపు వేసే అవసరం లేదు. డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి తప్పనిసరి. చదువుకునే పిల్లలున్న హాస్టళ్లకు, కిక్కిరిసిన ఆఫీసులకు, ఆస్పత్రులకు ఇది నిజంగా అవసరం. అక్కడ ఒక్క 320 కంటే చాలా 40లు, 80లు ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వైఫై 7 అని రాసి ఉన్న ప్రతి రౌటర్‌కీ 6 గిగాహెర్ట్జ్ ఉండదు. బీఈ 3600 అని ఒక తరగతి ఉంది. 2.4లో 688, 5లో 2882, కూడితే 3570. అంతే, మూడో బ్యాండ్ లేదు, 320 కూడా లేదు. వైఫై 7లో నాకు బాగా నచ్చింది ఎంఎల్ఓ, ఒకే పరికరం రెండు బ్యాండ్‌లను కలిపి వాడుకునే పద్ధతి. ఒక బ్యాండ్ బిజీగా ఉంటే ఇంకోదాంట్లో పంపుతుంది. వీడియో కాల్ తెగిపోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. కాకపోతే ఫోన్ కూడా వైఫై 7 అయ్యుండాలి.

రెండో జాగ్రత్త, అమెరికాలో ఉన్న పిల్లలు వస్తూ తెచ్చే రౌటర్లు. అక్కడ అమ్మే వాటిలో దేశం మార్చే సెట్టింగ్ మామూలుగా ఉండదు. అవి అక్కడి ఛానళ్లలో, అక్కడి పవర్‌తో పనిచేస్తాయి. మన దేశంలో ఆమోదం ఉన్న మోడల్ ఇక్కడే కొనుక్కోవడం మంచిది. పిల్లలకు ముందే చెప్పండి.

మిగతా బ్యాండ్‌లు క్లుప్తంగా. 60 గిగాహెర్ట్జ్‌లో 2012 నుంచి 802.11ఏడీ ఉంది. వేగం బ్రహ్మాండం, కానీ చెయ్యి అడ్డం పెట్టినా సిగ్నల్ తగ్గిపోతుంది, గోడ దాటదు. 1 గిగాహెర్ట్జ్ కంటే కింద 802.11ఏహెచ్ ఉంది, దూరం వెళ్తుంది, సెన్సర్లకు సరిపోతుంది. మన దగ్గర ఆ వైపు లైసెన్స్ లేకుండా ఉన్నది 865 నుంచి 868 దాకా, మూడు మెగాహెర్ట్జ్ మాత్రమే. అందుకని ఇక్కడ దాని గురించి పెద్దగా వినపడదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

సభికుడు: సార్, మా రౌటర్‌లో రెండు పేర్లు వస్తాయి. ఒకదాని చివర 5జీ అని ఉంది. మా నాన్నగారిది 4జీ ఫోన్. అది దానికి కనెక్ట్ అవుతుందా?

రౌటర్ పేరులో 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. సిమ్ కార్డు 5జీ అంటే అయిదో తరం మొబైల్ సేవ, 2022 అక్టోబరులో మన దగ్గర మొదలైంది. రెండిటికీ సంబంధం లేదు. 4జీ ఫోన్లలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటుంది. ఫోన్‌లో ఆ పేరు కనిపిస్తే కనెక్ట్ చేయండి, కనిపించకపోతే ఆ ఫోన్‌కి ఆ బ్యాండ్ లేదని అర్థం. కస్టమర్ అయోమయపడకుండా టెక్నీషియన్లు ఆ పేరు చివర వేరే ఏదైనా పెడితే మంచిది.

సభికురాలు: కొత్తగా కొన్న సీసీ కెమెరా ఎంత చేసినా వైఫైకి కలవడం లేదండీ. ఫోన్‌లో మాత్రం నెట్ బాగానే వస్తోంది.

అమ్మా, ఇళ్లలో వాడే కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. మీ ఫోన్ 5 మీద ఉండి ఉంటుంది. రౌటర్ సెట్టింగ్‌లో 2.4కి వేరే పేరు పెట్టి, ఫోన్‌ని కాసేపు దానికి కలిపి, అప్పుడు కెమెరా జోడించండి. ఆ తర్వాత ఫోన్ మళ్లీ 5కి మార్చుకోవచ్చు. భద్రత సెట్టింగ్ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా కలిపి ఉంచండి. పాత రకం కెమెరాలకు డబ్ల్యూపీఏ3 రాదు.

సభికుడు: మేం కొత్తగా ఫ్లాట్ ఇంటీరియర్ చేయిస్తున్నాం. మంచి వైఫై 7 రౌటర్ ఒకటి హాల్లో పెడితే మూడు పడగ్గదులకూ సరిపోతుందా?

ఒకటి సరిపోదు, ఎంత ఖరీదు పెట్టినా. ఎక్కువ చోటున్న బ్యాండ్‌లన్నీ గోడ దాటడంలో వెనకబడినవే. 6 గిగాహెర్ట్జ్ సుఖం కావాలంటే ఆ గదిలోనే ఒక రేడియో ఉండాలి. దానికి వైరు కావాలి. మెష్ అని వైర్ లేకుండా పెట్టే సెట్లు దొరుకుతాయి, కానీ అవి తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా అదే గాలి వాడతాయి. మీరింకా గోడలు మూయలేదు కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఈ వారంలోనే మాట్లాడండి. ఫైబర్ లోపలికి వచ్చే చోటు నుంచి ప్రతి పడగ్గదికీ, టీవీ దగ్గరికీ ఒక్కో పైపు వేయించి, క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. కరెంటు వైర్ల పైపులో కలపనివ్వకండి, పైపు విడిగా ఉండాలి. హాల్లో, కారిడార్ చివర ఫాల్స్ సీలింగ్ వేసే ముందు అక్కడ కూడా ఒక్కో కేబుల్ చివర వదిలి పెట్టించండి. రౌటర్ ఏదన్నది ఇంట్లో చేరాక తేల్చుకోవచ్చు.